మల్లేశం ముట్టని స్విచ్

నాలుగేళ్లయింది. ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేక మీ దగ్గరికి వచ్చాను. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. ఇదీ పిరికితనమే. ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇకముందు చెప్పబోయేదంతా ఆ పిరికితనం గురించే.

నేను సౌదీలో, జెడ్డాలో, మక్కాకు ఉమ్రా యాత్రలు నడిపే ఒక కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. యాత్రికులకు వీసాలు, హోటళ్లు, బస్సులు కుదిర్చే కంపెనీ. మా వెబ్‌సైట్లు, ఈమెయిళ్లు అన్నీ ఆఫీసులోనే, టీ పెట్టుకునే గది పక్కన చిన్న గదిలో ఉన్న సర్వర్ మీద నడుస్తాయి. ఆ సర్వర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని కంట్రోల్ ప్యానెల్ అంటారు. ఒక్క తెర మీద నుంచే సైట్లు, మెయిల్ పెట్టెలు, బ్యాకప్‌లు అన్నీ చూసుకోవచ్చు. ఏదైనా తేడా వస్తే ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల సపోర్టుకు టికెట్ పెడతాను. అంటే సమస్య రాసి పంపుతాను, వాళ్లు జవాబు రాస్తారు. నాకు తెలిసినదాంట్లో సగం వాళ్లు నేర్పిందే. అయినా ఆఫీసులో అందరూ నన్ను ఇంజినీర్ అనే పిలుస్తారు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

మల్లేశం మా ఆఫీసు మెయింటెనెన్స్ మనిషి. జగిత్యాల వైపు ఊరు. నాకంటే పదేళ్లు పెద్ద. ఏసీలు, కరెంటు, కుళాయిలు, ఏది పాడైనా అతనే. మాది కృష్ణా జిల్లా. మా ఇద్దరి తెలుగూ ఒకటి కాదని మొదట్లో ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లం. శుక్రవారం సెలవు. మనవాళ్ల హోటళ్లుండే షరఫియా బజారుకు భోజనానికి కలిసే వెళ్లేవాళ్లం. ఆఫీసులో నన్ను సార్ అనేవాడు, గేటు దాటితే తమ్మీ అనేవాడు.

పదకొండేళ్లుగా ఏసీలు బాగుచేస్తున్నా, ఇక్కడ ఉండటానికి ఇచ్చే ఇకామా కార్డు మీద అతని వృత్తి దగ్గర 'ఆమిల్' అనే ఉండేది. కూలీ అని. అది అతనికి చాలా కష్టంగా ఉండేది. ఖఫ్జీలో ఒక ఆయిల్ సర్వీసు కంపెనీ అతన్ని టెక్నీషియన్‌గా తీసుకుంటామంది. కార్డు మీద కూడా అలాగే మారుస్తామంది. మా కంపెనీ రిలీజ్ ఇస్తే చాలు, అంటే వేరే కంపెనీకి మారడానికి ఒప్పుకుంటే. ఆ దరఖాస్తు అతని ఫోన్‌లో నింపింది నేనే. టెక్నీషియన్ అని టైప్ చేస్తుంటే భుజం మీదుగా వంగి చూసి, ఆ ముక్క ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. ముదీర్ కూడా సరేనన్నాడు. మేనేజర్‌ని ఇక్కడ ముదీర్ అంటాం. ఇక సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ వారంలోనే జరిగింది.

ప్యానెల్ చాలా రోజులుగా అప్‌డేట్ అడుగుతోంది. పని వేళల్లో చేస్తే మెయిల్ ఆగిపోతుంది. అందుకని ఇలాంటివన్నీ నేను నమాజు వేళకు పెట్టుకునేవాణ్ణి. మధ్యాహ్నం నమాజుకు పిలిచే జొహర్ అజాన్ వినపడగానే ఆఫీసు ఖాళీ అయిపోతుంది. అరగంట పాటు మెయిల్ రాలేదని అడిగేవాళ్లుండరు. మిగిలేది హిందువులమైన మేమిద్దరమే. నాకు అది దొంగిలించిన అరగంటలా ఉండేది, నేను ఏం చేస్తున్నానో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఆ రోజు సర్వర్ గదిలో ఏసీ నీళ్లు కారుతోందని మల్లేశం నిచ్చెన వేసుకుని పైపు శుభ్రం చేస్తున్నాడు. నేను అదే గదిలో తెర ముందు కూర్చుని అప్‌డేట్ మొదలుపెట్టాను. సగం దాటాక అది ఆగిపోయింది. ఐదు నిమిషాలు చూశాను. పది చూశాను. మధ్యలో ఆపవద్దని తెర మీదే రాసి ఉంది. ఆగితే సపోర్టుకు టికెట్ పెట్టి, వాళ్లు చెప్పేదాకా ముట్టుకోకూడదు. నాకు ఆ సంగతి తెలుసు. కానీ నమాజు అయిపోయింది. వరండాలో మనుషులు తిరిగొస్తున్న చప్పుడు. లోపలి ఫోన్ మోగింది, మెయిల్ రావడం లేదని. సర్వర్‌ని బలవంతంగా రీస్టార్ట్ చేశాను.

తిరిగి లేచేసరికి ప్యానెల్ లేదు. సైట్లు లేవు. మెయిళ్లు లేవు. బ్యాకప్ చూద్దును కదా, తొమ్మిది వారాలుగా అది జరగనే లేదు. రోజూ పొద్దున తెర మీద ఎర్రగా ఒక గుర్తు వచ్చేది. రేపు చూద్దాంలే అని రోజూ దాన్ని మూసేసేవాణ్ణి.

ముదీర్ గుమ్మంలోకి వచ్చి ఏమైందన్నాడు. "కరెంటు పోయినట్టుంది" అన్నాను. అప్పుడు నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఈ నాలుగేళ్లలో ఈ ఒక్క ముక్కను ఎన్నిసార్లు పట్టుకుని వేలాడానో చెప్పలేను. పేరు చెప్పలేదు కదా, చెప్పలేదు కదా అని. కానీ ముదీర్ చూపు నిచ్చెన మీదికి పోవడం చూశాను. నిచ్చెన మీద ఉన్న మనిషి మీదికి పోవడం కూడా చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. మరి దాన్ని ఏమనాలి?

సపోర్టుకు పెట్టిన టికెట్‌లోనూ అదే రాశాను, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిందని. డాక్టరు దగ్గర జబ్బు దాచినట్టు.

మర్నాడు ముదీర్ మా ఇద్దర్నీ తన గదికి పిలిచాడు. గుంపులుగా రావాల్సిన యాత్రికుల జాబితాలన్నీ పోయిన మెయిళ్లలోనే ఉన్నాయి. మదీనా హోటళ్ల నుంచి ఒకటే ఫోన్లు. అయినా ఆయన గొంతు పెంచలేదు. ఆయన చెడ్డవాడైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో. మల్లేశానికి పని నడిచేంత అరబీ వచ్చు. ఆయన ఆ అరబీలోనే అడగొచ్చు. కానీ నా వైపు తిరిగి, "ఇతన్ని మీ భాషలో అడుగు. నెమ్మదిగా, అన్నీ చెప్పమను" అన్నాడు.

"మల్లేశమన్నా, నిన్న సర్వర్ రూములో ఏం జరిగిందో సార్ అడుగుతున్నారు" అన్నాను.

"ఏం జరుగుతది సార్. నీళ్లు కారుతున్నయంటె పైపు సాఫ్ జేసిన. కరెంటు ముట్టలె. బోర్డు కాడికే పోలె. ఏసీ కూడ నడుస్తనే ఉండె, బంద్ గాలె." అక్కడ ఆగి నా మొహంలోకి చూశాడు. "నువ్వు గూడ ఆడనే ఉంటివి గద తమ్మీ. నువ్వే చెప్పు ఆయనకు."

ఆఫీసు లోపల అతను నన్ను తమ్మీ అనడం అదే మొదలు.

నేను ముదీర్‌తో ఇంగ్లీషులో చెప్పాను. అరబీ నాకూ వచ్చు. కానీ అరబీలో చెబితే మల్లేశానికి అర్థమైపోతుంది. అది ఆలోచించే ఇంగ్లీషు ఎంచుకున్నాను. కంగారులో అలా జరిగిపోయిందని మీకు చెప్పాలని ఉంది, కానీ అది నిజం కాదు. ఆ క్షణంలో నా బుర్ర చాలా చక్కగా పనిచేసింది.

పైపు లాగుతుంటే పొరపాటున స్విచ్ మీద చెయ్యి పడిందట, కావాలని చేసింది కాదట, క్షమించమంటున్నాడు అని చెప్పాను.

ముదీర్ మల్లేశం వైపు తిరిగి, "సహ్?" అన్నాడు. నిజమేనా అని.

నేను అతని మాటలే చెప్పానని మల్లేశం అనుకున్నాడు. తలూపి, "ఐవా ముదీర్, సహ్" అన్నాడు. అవును, నిజమే అని.

అంతా కలిపి రెండు నిమిషాలు పట్టి ఉండదు.

రిలీజ్ ఆగిపోయింది. దాని బదులు ఫైనల్ ఎగ్జిట్ అన్నారు, అంటే ఇక్కడి పని ముగించి ఇంటికి పంపేయడం. విమానం టికెట్, కాగితాలు అయ్యేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఈ పన్నెండు రోజుల సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ గదిలో చేసినదాన్ని భయమని సర్దిచెప్పుకోవచ్చునేమో, తర్వాత చేసినదాన్ని ఏమని చెప్పుకోను?

మూడో రోజు సపోర్టు నుంచి వివరంగా జవాబు వచ్చింది. ప్యానెల్‌ని లేపారు, సైట్లు తెచ్చారు, తొమ్మిది వారాల మెయిళ్లు మాత్రం రావన్నారు. కింద ఇంకో పేరా ఉంది. ఇది కరెంటు పోవడం వల్ల జరిగింది కాదు, అడ్మిన్ లాగిన్ నుంచి రీస్టార్ట్ ఆదేశం వెళ్లింది, ఫలానా నిమిషానికి అని రాశాడు ఆ సపోర్టు ఇంజినీరు. ఆ లాగిన్ నా ఒక్కడిదే. మల్లేశం నిర్దోషి అని చెప్పే కాగితం నా చేతిలో ఉంది. మల్లేశం ఇంకా జెడ్డాలోనే ఉన్నాడు.

నేనేం చేశానంటారా? కరెంటు వల్ల కూడా అయి ఉండవచ్చు అని ఒక వాక్యం చేర్చగలరా అని ఆ ఇంజినీరుని అడిగాను. చేర్చలేను అన్నాడు. తర్వాత తనంతట తనే ఇంకో మాట రాశాడు, ఇలాంటివి మేం రోజూ చూస్తుంటాం, ఎవరికైనా జరుగుతుంది, కావాలంటే మీ మేనేజర్‌కి నేనే రాసి నచ్చజెబుతాను అని. ముక్కూ మొహం తెలియని మనిషి. నా పరువు కాపాడుతూనే నిజం చెప్పే దారి చూపించాడు. అక్కర్లేదని రాసి టికెట్ మూసేశాను. మీ సమస్య పరిష్కారమైందా అని ఒక ప్రశ్న వచ్చింది. అయిందని నొక్కాను. ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చాను.

సైట్లు తిరిగి తెచ్చినందుకు ముదీర్ అందరి ముందూ నా వీపు తట్టాడు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

వెళ్లే ముందు శుక్రవారం మల్లేశం నన్ను షరఫియాకు తీసుకెళ్లాడు. తినలేకపోయాను. తినమని బలవంతం చేశాడు. నేను బాధపడుతున్నానని అతనే ఓదార్చాడు. "నువ్వు చెప్పినవు గద తమ్మీ. ఆయన ఇనకుంటె నువ్వేం జేస్తవ్" అన్నాడు. ఇప్పుడు చెప్పేస్తాను, ఈ ముద్ద మింగి చెప్పేస్తాను అనుకున్నాను. ముద్ద మింగి, ఇంకో ముద్ద కలుపుకున్నాను. చెబితే నా ఉద్యోగం పోతుందని భయమా? కొంత. ఎక్కువ భయం ఇంకొకటి. అతను నన్ను చూసే చూపు మారిపోతుందని. అతని బతుకు ఊడ్చిపెట్టుకుపోతున్నా అతని దృష్టిలో నేను మంచివాడిగానే ఉండాలి. అంత పాడు ఆశ ఇంకొకటి ఉంటుందా?

ఆ తర్వాత అతను పండగలకు ఫోన్ చేసేవాడు. మాట్లాడేవాణ్ణి. అందరూ బాగున్నారా అనేవాణ్ణి. పని దొరికిందా అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఏం చెబుతాడో వినే ధైర్యం లేదు. ఇలాగే గడిచిపోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, గడిచిపోయింది కూడా.

పోయిన నెల అతని నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. అది ఎన్నిసార్లు విన్నానో, ఇప్పుడు మాటకు మాట రాయగలను.

"తమ్మీ, ఒక్కటడుగుత, ఏమనుకోకు. ఆనాడు పైపు గుంజినప్పుడు నా మోచెయ్యి గిట్ల వైరుకేమన్న తాకెనా? నాకైతె యాదికి లేదు. గని అంత పెద్ద సారు ఉత్తగనే అనడు గద. నాకే అనుమానం వట్టింది. అప్పటి సంది బోర్డు మీద చెయ్యి వెట్టాలంటె వణుకుతుంది. కరెంటు పని ఇడిసిపెట్టిన. మిల్లుల బస్తాలు మోయవోతున్న. నువ్వు ఆడనే ఉంటివి, నువ్వన్న చెప్పు."

అతని ఉద్యోగం పోగొట్టానని నాకు తెలుసు. రిలీజ్ పోగొట్టానని తెలుసు. వీటిని మోయడం అలవాటు చేసుకున్నాను. కానీ అతని చేతి మీద అతనికున్న నమ్మకం కూడా నేనే తీసేశానని తెలియదు. నాలుగేళ్లు ఆ నిచ్చెన మీదే నిలబడి తన మోచేయి ఎక్కడ తగిలిందా అని వెతుక్కుంటున్నాడు. తగల్లేదు. ఎక్కడా తగల్లేదు. అది తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

రికార్డ్ బటన్ నొక్కి నాలుగుసార్లు మాట్లాడి నాలుగుసార్లూ చెరిపేశాను. చివరికి, "లేదన్నా, నీ చెయ్యి దేనికీ తగల్లేదు. పని మానొద్దు" అని పంపాను. అంతవరకే చెప్పగలిగాను. నిమిషం తిరక్కుండా అతని జవాబు వచ్చింది.

"మరెట్లయింది తమ్మీ?"

దానికి నేనింకా జవాబివ్వలేదు. రోజూ తెరుస్తాను, మూస్తాను. విన్నానని అతనికి తెలుసు, ఆ నీలి గుర్తులు కనిపిస్తూనే ఉంటాయి. ఇచ్చే జవాబు మాత్రం నాకు స్పష్టంగా తెలుసు. ఎప్పుడూ ఎక్కడా పలకని ఆ మాట ఇక్కడ రాస్తున్నాను. సర్వర్‌ని ఆపింది నేనే అన్నా. నువ్వు ముదీర్‌కు చెప్పమన్నది నేను చెప్పలేదు. నీ పేరు మీద నా తప్పు చెప్పాను. తెలిసే చెప్పాను.

రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది. మీకు చెప్పేశాను. మల్లేశం మాత్రం ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు.