శిరీష తానే చెయ్యి చాపింది

2012 వానాకాలంలో ఒక ఉదయం మా శిరీష అన్నం ముట్టలేదు. అప్పుడది ఎల్లారెడ్డిలో నాలుగో తరగతి. నేను బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని పాఠాలు అప్పజెప్పే పిల్ల, తెల్లారేసరికి అన్నంలో విషం ఉందంది. తోలు ఊడేలా చేతులు కడిగింది. కళ్లు ఊరికే టపటపా కొట్టుకునేవి. నన్ను గడప దాటనివ్వలేదు. గాలి సోకిందని అత్తమ్మ తాయెత్తు కట్టించింది. బడిలో మొండితనమన్నారు.

కామారెడ్డిలో పిల్లల డాక్టరు దాన్ని చాలాసేపు గమనించి, ఈమధ్య గొంతునొప్పి వచ్చిందా అని అడిగారు. వచ్చింది, జ్వరంతో పాటు. వెంటనే హైదరాబాద్‌కు రాసిచ్చారు. అక్కడ బ్లడ్ టెస్టులు, ఈఈజీ, ఎంఆర్ఐ అయ్యాక న్యూరాలజీ మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టింది.

"మీ పాప మొండిది కాదమ్మా. ఆ గొంతునొప్పి క్రిములతో కొట్లాడాల్సిన ఇమ్యూన్ సిస్టమ్ పొరపాటున మెదడు మీదికే పోయింది."

యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్స్‌తో కుదుటపడింది. ఇంటికి తెచ్చుకున్నాం. దసరా ముందు మళ్లీ జ్వరం తగిలి అన్నీ తిరగబెట్టాయి, మొదటికంటే ఎక్కువగా. మళ్లీ హైదరాబాద్ బస్సెక్కాం.

ఈసారి ఐవీఐజీ, అంటే దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు, నరంలోకి ఎక్కిద్దామంది మేడమ్. అందరికీ ఒకేలా పనిచేయదని కూడా చెప్పింది. అప్పటికి శిరీష నన్ను కూడా తాకనివ్వడం లేదు. సిస్టర్ సూదితో రాగానే పట్టుకోవడానికి లేచాను.

"నువ్వు పట్టుకోకు అమ్మా. నేనే ఇస్త," అంది.

తానే చెయ్యి చాపింది. సూది దిగేదాకా వెనక్కి తీసుకోలేదు. అంత ధైర్యం నాకు లేదు.

గుణం వెంటనే కనిపించలేదు. మెల్లమెల్లగా చేతులు కడగడం తగ్గింది. ఒకరోజు నా కంచంలోంచే పప్పన్నం కలుపుకుని తింది. కొన్ని నెలలకు ఇంకో డోసు పడింది.

ఇప్పుడు 2014. ఆరో తరగతి. మందులు ఆగాయి, చెకప్‌లు ఉన్నాయి. మొన్న బడిలో ఎవరో పిచ్చిదన్నారట. లేచి నిలబడి చెప్పిందట:

"నాకు పిచ్చి లేదు. జ్వరం లెక్కనే అదొక రోగం. మందు తీస్కున్న, తగ్గింది."

అత్తమ్మ ఆ మాట వాడకట్టంతా చెప్పుకుని వచ్చింది.

పిల్లలు ఉన్నట్టుండి మారిపోతే తిట్టకండి, కొట్టకండి. ఏ రోజు మొదలైందో, అంతకుముందు ఏ జ్వరం తగిలిందో, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.