సంచి అక్కడ, మోటారు ఇక్కడ

ఇది నేను మా నాయనను నెత్తి నుంచి పాదాల దాకా ఎర్రగా చేసిన కథ. ఆదోని ఊళ్లో, విజయదశమి పొద్దున, పదిమంది చూస్తుండగా, కేవలం నా తెలివితో చేశాను. ఇరవై రెండేళ్ల మనిషికి అంత తెలివి ఉండకూడదు. ఘోరం జరగబోతోందని ముందే చెబుతున్నాను కాబట్టి, చివరికొచ్చాక నన్ను నిందించే హక్కు మీకు లేదు.

నేను అప్పటికి ఒక పత్తి మిల్లులో ఫిట్టరుగా చేరి ఏడాదయింది. పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు అది. అక్కడ పీల్చే గాలిలో సగం గాలి, సగం దూది. మధ్యాహ్నానికల్లా మా మీసాలూ కనుబొమలూ తెల్లబడి అందరం తాతలమయ్యేవాళ్లం. సాయంత్రం స్నానం చేశాక మళ్లీ పడుచువాళ్లం. మిషన్ల కింద పేరుకునే దూదిని తీయడమే పెద్ద నరకం. చీపురు వేస్తే లేచి నిలబడుతుంది, మనం అటు తిరగ్గానే వచ్చి తన చోట తాను కూర్చుంటుంది.

మా నాయన హైస్కూల్లో తెలుగు పంతులు. తాత ముత్తాతలది మంత్రాలయం దగ్గర గుడి సేవ. మా వంశంలో స్పానరు పట్టిన మొదటి మనిషిని నేనే. నేను నల్లటి చేతులతో ఇంటికి వచ్చినప్పుడల్లా ఆయన నా చేతుల వైపు చూసి, తర్వాత దేవుడి పటం వైపు చూసేవాడు. ఎమ్మిగనూరులో మా పెదనాయన ఒక బడి నడిపేవాడు. అందులో గుమాస్తా కుర్చీ ఖాళీ అయిందని కబురు వచ్చిన రోజు ఆ చూపుకు మాట కూడా తోడైంది. తెల్లచొక్కా, ఫ్యాను, కుర్చీ, హాజరు పుస్తకాలు. మా నాయన వాటిని వర్ణిస్తుంటే నాకు జైలును వర్ణిస్తున్నట్టే ఉండేది. నాకు మిల్లు కావాలి. ఆ చప్పుడు కావాలి. పోనంటే పోనని భీష్మించాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు మిరపకాయ బజ్జీల పొట్లం దొరికింది. బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని కాగితం పారేయబోతే, అది ఏదో విదేశీ పత్రికలోని నున్నటి పేజీ. అందులో ఎత్తు మడమల జోళ్లు వేసుకున్న దొరసాని ఒకావిడ, ఒక నిలువు యంత్రాన్ని తోసుకుంటూ నవ్వుతోంది. దుమ్మును పీల్చే యంత్రం. నిలబడి తోసుకుపోతే నేలంతా శుభ్రం చేస్తుంది. మూలల్లోకి, మంచాల కిందికి పోవాలంటే అందులో ఒక భాగం ఊడి చేతికి వస్తుంది. ఆ భాగాన్ని పట్టుకొని ఆవిడ మెట్లు ఊడుస్తున్న బొమ్మ పక్కనే ఉంది. కానీ ఊడొచ్చిన భాగం వెనకవైపు ఎలా ఉంటుందో చూపించే చోటనే బజ్జీ నూనె దిగిపోయింది. ఆ మరక వెనక ఏముందో కనిపించలేదు. ఏముంటుందిలే, నేను కనిపెట్టుకోలేనా అనుకున్నాను. నా పతనం ఆ మరకలో మొదలైంది.

ఆ యంత్రం నేను చేస్తానని మిల్లులో ప్రకటించాను. మా సావుకారు నవ్వి, చేసి చూపించమన్నాడు. ఇంట్లో కూడా అదే మాట చెబితే మా నాయన నవ్వలేదు.

"దసరా దాకా గడువు ఇస్తాండా. మీ సావుకారి ముందర, నా ముందర నీ మిషను నడిస్తే, ఈ జన్మలో ఎమ్మిగనూరు మాటెత్తను. నడవకుంటే పండగైన సోమవారం ఎనిమిది గంటల బస్సు ఎక్కల్ల" అన్నాడు.

"ఎక్కుతా నాయనా" అన్నాను, ఎక్కే పని ఉండదన్న ధీమాతో.

నెలన్నర పాటు దాని మీదే పడ్డాను. పాత సైకిలు పైపులతో నిలువు స్టాండు కట్టాను. కాలిపోయిన మిక్సీ మోటారుకు కొత్త తీగ చుట్టించాను. డాల్డా డబ్బా రేకును కత్తిరించి గాలిపంకా చేశాను. లారీ రేడియేటరు గొట్టాన్ని ముక్కుగా పెట్టాను. దుమ్ము చేరే సంచికి ఎమ్మిగనూరు మగ్గం దుప్పటిని చించాను. అది మా అమ్మ పెట్టెలో దాచుకున్న దుప్పటి అని తర్వాత తెలిసింది, ఆ కథ ఇంకోరకం ఘోరం.

ఇక ఆ సంచిని ఎక్కడ కట్టాలన్నది ప్రశ్న. ఇక్కడ మీరు మిల్లు మనుషుల అలవాటు ఒకటి తెలుసుకోవాలి. మిల్లులో పత్తి నింపే బోరెం, అంటే పెద్ద గోనెసంచి, చట్రానికి వేలాడుతూ ఉంటుంది. అది కదలదు. మనమే పత్తిని మోసుకుపోయి దాని నోట్లో పోయాలి. సంచి అంటే ఒకచోట వేలాడేది అని మా బుర్రల్లో స్థిరపడిపోయింది. అందుకని రెండో ఆలోచన లేకుండా సంచిని స్టాండుకు బిగించాను. మోటారు వెనక నోరు సరిగ్గా సంచి నోట్లో కూర్చునేలా ఒక కడియం చేశాను. రెండు క్లిప్పులు తీస్తే మోటారు, గొట్టం ఊడి చేతికి వస్తాయి. సంచి మాత్రం స్టాండుకే ఉంటుంది. మీకు ఇప్పటికే తప్పు తెలిసిపోయి ఉంటుంది. నాకు నెలన్నరలో తెలియలేదు.

మహర్నవమి పొద్దునకు యంత్రం పూర్తయింది. నిలబెట్టి తోసి చూశాను, దూదిని గటగటా మింగేసింది. ఇక ఊడదీసి చూద్దామనుకునేలోగా ఆయుధపూజ మొదలైంది. మిల్లులో ప్రతి మిషనుకూ పసుపు, కుంకుమ, పూలు. మా మేస్త్రీ హుసేనన్న నా యంత్రాన్ని కూడా వరసలో నిలబెట్టి దానికీ బొట్టు పెట్టించాడు. ప్రతి మిషను ముందూ కుంకుమ నింపిన గుమ్మడికాయ పగిలింది. ఆ సందట్లో కుంకుమ పొట్లం ఒకటి పెద్ద మిషను కింద పడి చినిగిపోయింది. పూజ కాగానే నేను క్లిప్పుల మీద చేయి వేశాను.

హుసేనన్న నా చేయి పట్టుకున్నాడు. "పూజయినంక పనిముట్టును ముట్టగూడదప్పా. రేపటి దాకా దాన్ని నిద్రపోనీ" అన్నాడు.

ఊడదీసి ఇంకా చూడలేదన్నా అంటే, నిలబడి నడిచింది ఊడదీస్తే నడవదా అని నన్నే ఓదార్చాడు. నాకూ అదే నిజమనిపించింది. ఆ మాట నేను అంతకుముందే నాతో నాలుగుసార్లు అనుకొని ఉన్నాను.

మర్నాడు విజయదశమి. మా నాయన తెల్లటి మల్లెపువ్వు లాంటి పంచె కట్టుకొని, పైన ఉత్తరీయం వేసుకొని మిల్లుకు వచ్చాడు. సావుకారు కొత్త సిల్కు జుబ్బాలో వచ్చాడు. మిల్లు వాళ్లంతా చుట్టూ చేరారు. నేను యంత్రాన్ని తోశాను. అది వెళ్లిన దారి వెంట నేల నల్లగా నున్నగా తేలుతుంటే జనం అబ్బో అన్నారు. సావుకారు తల ఊపాడు. మా నాయన ముఖంలో నేను పదో తరగతి పాసైనప్పుడు కూడా చూడని వెలుగు చూశాను. అక్కడితో ఆపి ఉంటే నేను ఈ పాటికి గొప్పవాణ్ణి.

"మిషను కిందికి పోతాదా?" అని సావుకారు అడిగాడు.

ఆ ప్రశ్న కోసమే కదా నేను బతుకుతున్నది. దొరసానిలాగే నవ్వి, రెండు క్లిప్పులు తీసి, మోటారును చంకలో పెట్టుకొని, మోకాళ్ల మీద కూర్చున్నాను. బాగా కనబడాలని సావుకారినీ, నాయననూ నా వెనకే, దగ్గరగా, నిలబెట్టుకున్నాను. అవును, నేనే నిలబెట్టుకున్నాను. గొట్టాన్ని పెద్ద మిషను కిందికి తోసి స్విచ్చి వేశాను.

అద్భుతంగా పీల్చింది. కుప్పగా పడిన కుంకుమ కళ్లముందే మాయమైపోతోంది. పసుపు మాయం, దూది మాయం. మోటారు హోరులో వెనక నుంచి ఏవో కేకలు వినిపించాయి. జనం మెచ్చుకుంటున్నారనుకున్నాను. అంత మెచ్చుకుంటుంటే మధ్యలో ఆపుతామా? పట్టుదలగా ఇంకా లోపలికి దూరి, మూల మూలనా గొట్టం తిప్పి, ఒక్క రేణువు మిగలకుండా చేశాను. ఎవరో వైరు పీకేశారు. మోటారు ఆగింది. విజయగర్వంతో వెనక్కి తిరిగాను.

వెనక ఇద్దరు ఎర్రటి మనుషులు నిలబడి ఉన్నారు. ఒకరు జుబ్బాలో, ఒకరు పంచెలో. ఆ ఎరుపు మీద అక్కడక్కడా దూది అంటుకొని ఉంది. కళ్లు మాత్రమే తెల్లగా ఉన్నాయి, ఆ నాలుగు కళ్లూ నన్నే చూస్తున్నాయి. కొంచెం అవతల స్టాండుకు నా సంచి ఖాళీగా, పరిశుభ్రంగా వేలాడుతోంది. ముందు పీల్చిందంతా వెనక నోటి నుంచి వాళ్ల మీదే పోశానని ఆ సంచిని చూశాక గానీ నాకు బోధపడలేదు.

సావుకారు నోట్లోని కుంకుమ ఉమ్మి, "పండగ పూట ఎవురినీ తిట్టగూడదని మాయమ్మ సెప్పేది. అందుకని రేపు తిడతా. ఈపొద్దు మీ నాయనను ఇంటికి పిల్చకపో" అన్నాడు.

మా నాయన వెనక్కి తిరిగి నడిచాడు. యంత్రం భుజాన వేసుకొని పది అడుగుల వెనక నేను. సోమవారం బస్సు నా కళ్లకు కనిపిస్తోంది. కిటికీ పక్క సీటు కూడా కనిపిస్తోంది. భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది, నిజంగానే ఏడుపొచ్చింది.

పండగ కదా, బజారు నిండా జనమే. తమలపాకుల అంగడాయన ఏమైంది స్వామీ అని అడిగితే నాయన ఏంలేదని పోయాడు. డ్రిల్లు మాస్టరు ఎదురై అడిగితే, మావాడు మిషను చేసినాడని పళ్ల బిగువున చెప్పాడు. పూలమ్మే ఆమె మిషను చేస్తే నువ్వెందుకు ఎర్రగయినావు సామీ అంది. అక్కడ ఆయన ఆగాడు. పాతికేళ్లు పంతులు ఉద్యోగం చేసిన మనిషి. ప్రశ్న అడిగినవాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పకుండా కదలడం ఆయన వల్ల కాదు. ముందు పీలుస్తుంది, వెనక వదులుతుంది అని ఆమెకు వివరించాడు. బట్టల బజారులో దర్జీ అడిగేసరికి, నా భుజం మీది యంత్రాన్ని రోడ్డు మీద దించమన్నాడు. ఎర్రటి వేలితో ఒక్కో భాగమూ చూపించుకుంటూ పాఠం చెప్పాడు. జనం మూగారు.

"ఇట్ల నిలబెట్టినప్పుడు దుమ్ము సంచిలోకి పోతాది. ఇది ఊడదీస్తే మోటారు ఈడికొస్తాది. సంచి ఆడనే ఉంటాది. అంటే..." అని ఆగిపోయాడు.

చాలాసేపు సంచినీ మోటారునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు. క్లాసులో చివరి బెంచీ వాడితో మాట్లాడే గొంతుతో, "ఒరేయ్ గుర్రాజా, సంచిని మోటారుకు కట్టల్ల కదరా" అన్నాడు.

ఆ సంగతి మిల్లులోనే తెలిసిందని చెప్పే ధైర్యం నాకు లేదు. "అవును నాయనా" అన్నాను.

"మరి కట్టు" అన్నాడు, అంతే.

ఆయన మూడుసార్లు స్నానం చేశాడు. నేను రెండు రోజులు తిండి మీద కూడా ధ్యాస లేకుండా పెరట్లో కూర్చుని కడియం విప్పి, సంచిని మోటారు వెనక నోటికే బిగించాను. సోమవారం పొద్దున నా ట్రంకు పెట్టె సర్ది గడప దగ్గర పెట్టి ఉంది. ఏడున్నరకు మా నాయన పెరట్లోకి వచ్చాడు. ఉతికిన తెల్ల పంచె కట్టుకున్నాడు. చేతిలో కుంకుమ భరిణె. మా అమ్మ వద్దంటున్నా వినకుండా భరిణె మొత్తం రుబ్బురోలు కింద గుమ్మరించాడు. తర్వాత వచ్చి సరిగ్గా నా వెనక నిలబడ్డాడు.

"నాయనా, పక్కకు జరుగు" అన్నాను.

"జరగను. పక్కన నిలబడితే నాకేం తెలుస్తాది? నువ్వు పెట్టు."

  స్విచ్చి వేసి కళ్లు మూసుకున్నాను. మోటారు హోరు. రుబ్బురోలు చుట్టూ గొట్టం తిప్పాను. వెనక నుంచి కేకలేమీ లేవు. ఆపి, చాలాసేపటికి గానీ వెనక్కి తిరగలేకపోయాను.

పంచె తెల్లగా ఉంది. ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూసుకున్నాడు. ఉబ్బిన సంచిని వేలితో ఒకసారి నొక్కి చూశాడు.

"ఎనిమిది గంటల బస్సు పోనీలే. మీ పెదనాయనకు జాబు రాస్తా, గుమాస్తాను వేరేచోట చూసుకోమని" అని లోపలికి పోయాడు. నేను ఆ రుబ్బురోలు పక్కనే కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను.

ఆనాడే ఆ రోలు మీద చేయి వేసి ప్రమాణం చేశాను. అష్టదిక్కులూ సాక్షిగా, ఇకమీదట నేను చేసే ఏ యంత్రం వెనకైనా మొట్టమొదట నిలబడేది నేనే, మరొకరిని నిలబెట్టను. ఈ ప్రమాణాన్ని నేను ఒక్కసారి కూడా నిలుపుకోలేకపోయాను. ప్రతిసారీ నాకంటే ముందే మా నాయన, తెల్ల పంచెలో, అక్కడ నిలబడి ఉండేవాడు.