మోకాలు బాగయ్యేదాకా

బ్రూక్‌ఫీల్డ్‌లోని నా గదిలో శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూస్తే, మళ్లీ సోమవారం మీటింగ్‌లో "వినిపిస్తోందా?" అని అడిగేదాకా నా గొంతు నాకే వినిపించదు. మధ్యలో మాట్లాడేది భోజనం తెచ్చిచ్చేవాళ్లతోనే, అదీ ఓటీపీ అంకెలే. అది భరించలేక ఆదివారాలు మెట్రో ఎక్కి కబ్బన్ పార్కుకు పోవడం మొదలుపెట్టాను. ఆదివారం అక్కడ లోపలి రోడ్ల మీదికి బళ్లను రానివ్వరు. ఎండయినా చినుకయినా జనం ఉంటారు. స్కేటింగ్ చేసేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, చెట్ల కింద దుప్పటి పరుచుకుని ఇడ్లీలు తినేవాళ్లు. అందరికీ పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. నేను మాత్రం ఎవరో రావాల్సి ఉన్నట్టు మొహం పెట్టుకుని నడిచేవాణ్ని.

ఒక ఆదివారం షటిల్ కాక్ వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. రిటైరైన పెద్దమనుషులు ముగ్గురు, వల కూడా లేకుండా రోడ్డు మీద సుద్దగీత గీసుకుని ఆడుతున్నారు. తీసి ఇస్తూ, అలవాటు కొద్దీ "ఇదుగోండి" అన్నాను.

"మన తెలుగాయనే! ఆడేకి వస్తాదా అప్పా? మాకు ఒగరు తక్కువుండారు."

వాళ్ల నాలుగో మనిషికి మోకాలి ఆపరేషన్ అయిందట. ఆయన బ్యాట్ నా చేతిలో పెట్టారు.

ఆ రోజు నుంచి నాకూ వారంలో ఒక రోజు వచ్చింది. ఆట సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. "అట్ల దిమ్మె లెక్క నిలబడితే ఎట్లప్పా, ఎనక్కి రా!" అని ముగ్గురూ కలిసి కేకలేసేవారు. మీటింగుల్లో మర్యాదలు విని విని విసిగిన చెవులకు ఆ తిట్లు ఎంత హాయిగా ఉండేవో! ఆట అయ్యాక ఫ్లాస్కులోని కాఫీ నలుగురం పంచుకునేవాళ్లం. ఆఫీసువాళ్లు ఆదివారం నంది హిల్స్‌కు రమ్మంటే, "కుదరదండీ, మా వాళ్లతో ఆట ఉంది" అని గొప్పగా చెప్పాను.

మా వాళ్లు. ఆ మాట అనడానికే నంది హిల్స్ మానుకున్నాను.

కాఫీ దగ్గర మోకాలి కబుర్లు వచ్చేవి. ఊతకర్ర మానేశాడట. మెట్లెక్కుతున్నాడట. వాళ్లు సంబరపడుతుంటే నేనూ "చాలా సంతోషమండీ" అనేవాణ్ని, ఇంకెన్ని ఆదివారాలు మిగిలాయో లోపల లెక్కపెట్టుకుంటూ. ఒకసారి మాత్రం ఆగలేక, "తొందరపడకూడదండీ, ఆర్నెల్లు విశ్రాంతి తీసుకుంటేనే మంచిది" అని డాక్టరులా సలహా ఇచ్చాను. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్.

ఆయన వచ్చేశాడు. కుంటు లేదు, నొప్పి లేదు, కొత్త బూట్లతో నవ్వుకుంటూ. ముగ్గురూ ఆయన్ని చుట్టేసుకున్నారు. నేను బ్యాట్ ఇచ్చేశాను. "నా జాగాలో బాగా ఆడినావంట, చెప్పినారు" అన్నాడు. చెడ్డవాడైనా అయ్యుంటే బాగుండేది, కాదు. రాతి బెంచీ మీద కూర్చుని చూశాను. నలుగురూ ఒకరి చెయ్యి ఒకరికి తెలిసినట్టు ఆడారు. చప్పట్లు కొట్టాను. కాఫీ మొదట నాకే ఇచ్చారు.

వెళ్లేటప్పుడు ఒకాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "బేజారు పడొద్దప్పా. ఎవురన్నా రాకుంటే నీకు ఫోన్ చేస్తాము."

"తప్పకుండా చేయండి" అన్నాను.

వాళ్లు మాట్లాడుకుంటూ గేటు దాటారు. ఇన్ని ఆదివారాల్లో నా నంబరు ఎవరూ అడగలేదు. వెనక పరిగెత్తి ఇద్దామనుకున్నాను గాని, ముందు నా పేరు చెప్పాల్సి వస్తుందని ఆగిపోయాను.