రికార్డు చేసిన శభాష్

ట్యూషన్ సెంటర్‌లో పిల్లలందరికీ ఆవిడ గ్రామర్ మేడం. యజమానికి మాత్రం మరదలు. ఆవిడ చదువు పూర్తవగానే, "నాలుగు రోజులు సాయం చెయ్యి" అని బావ పిలిచాడు. ఆ నాలుగు రోజులు ఆవిడ చెంపలు నెరిసేదాకా సాగాయి. ఇంగ్లీషు క్రియలు తప్ప ఇంకో పాఠం చెప్పనివ్వలేదు. నిన్నటి పనికి ఏ రూపం, రేపటి పనికి ఏ రూపం, కర్త ఒక్కడైతే ఏది, పదిమందైతే ఏది. పిల్లలు మారేవారు, తప్పులు మారేవి కావు.

ఇన్నాళ్లకు ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం వచ్చింది. వస్తారో రారో మంగళవారం సాయంత్రం ఫోన్ చేసి కనుక్కుంటామన్నారు.

"వెళ్లు, ఎవరొద్దన్నారు?" అన్నాడు బావ. "పాఠాలన్నీ రికార్డు చేసిచ్చి మరీ వెళ్లు. నీ గొంతుంటే చాలు."

"మనిషెందుకులెండి, గొంతుంటే జీతం కూడా అడగదు," అంది అక్క.

గొంతు బొంగురుపోయేదాకా ఆవిడ రికార్డు చేసింది. ప్రశ్న అడగడం, పిల్లలు జవాబిచ్చేందుకు కాసేపు ఆగడం, "శభాష్!" అనడం. క్లాసులో ఆవిడ పద్ధతి అదే.

మంగళవారం ఆ పాఠం మొదటిసారి పెట్టారు. ఆవిడ బ్యాగు భుజాన వేసుకుని, బావతో పాటు తలుపు దగ్గర నిలబడింది.

"ప్రతి కుర్రాడి దగ్గరా సంచి ఉంది. 'హ్యావ్' రావాలా, 'హ్యాజ్' రావాలా?" అడిగింది స్పీకర్.

"హ్యావ్!" గది దద్దరిల్లేలా అరిచారు పిల్లలు.

"శభాష్!" అంది ఆవిడ గొంతు, మురిపెంగా. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. మళ్లీ తప్పు. మళ్లీ శభాష్.

"చూశావా, ఎంత హుషారుగా ఉన్నారో! నువ్వెదురుగా ఉంటే నోరు విప్పారా ఎప్పుడైనా?" అన్నాడు బావ.

"తప్పు చెప్తున్నారు బావా."

"మరి శభాష్ అన్నావుగా!"

బ్యాగులో ఫోను మోగింది.

"ఏమండీ, వస్తున్నారా?" అవతల ప్రచురణ సంస్థ మేనేజరు.

గదిలో ఇంకో శభాష్ వినబడింది. వెనక బెంచీ పిల్ల పక్కపిల్ల వీపు చరిచింది.

"ఒక్క నిమిషమండీ," అని ఆవిడ లోపలికి నడిచి తన గొంతును ఆపేసింది. "ప్రతి కుర్రాడూ అంటే ఒక్కడి కిందే లెక్కర్రా. 'హ్యాజ్' రావాలి. మొదట్నుంచీ మళ్లీ చూద్దాం."

పిల్లలు ఉసూరుమన్నారు. బావ కుర్చీ ముందుకు లాగి, చేతిరుమాలుతో దుమ్ము తుడిచాడు. ఆవిడ చేతిలో ఫోను "హలో, హలో" అంటూనే ఉంది.