తాత ఒప్పుకోని జీబ్రా

ఆఫ్రికాలో ఏ జీబ్రాకు కడుపునొప్పి వచ్చినా అది బస్సెక్కి తిన్నగా కారంపూడి రావాల్సిందే. దాని పేగులు ఎన్ని మూరలో, ఏ మలుపు ఎటు తిరుగుతుందో మా నాసరయ్య తాతకు తెలిసినట్టు ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. తాత ఇంతవరకూ ఒక్క జీబ్రానూ చూడలేదు. అది వేరే సంగతి.

పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా చేసి, రిటైరైన రోజు అక్కడి బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకున్నాడు. చెదలు అందులోని గేదెను తినేశాయి, గొర్రెను తినేశాయి, జీబ్రాను మాత్రం వదిలేశాయి. అప్పటి నుంచి ఎవరైనా జీబ్రాను చారల గాడిద అన్నారా, ఆ పూట తాతకు అన్నం సహించదు.

"దానికి పిత్తాశయమే లేదు. అయినా రోజంతా గడ్డి తిని అరిగించుకుంటది. నాకుండి ఏం లాభం? నీ గోంగూర పచ్చడి అరిగి చావదు!" అని మా నాయనమ్మ బసవమ్మ మీద ఎగిరేవాడు.

"రేపట్నుంచి నీకూ గడ్డే వేస్తాలే" అనేది నాయనమ్మ.

ఓసారి దాచేపల్లి బస్సులో సీటు దొరకలేదు. "జీబ్రా మోకాలికి గడియ లాంటిది ఉంటది. అది పడితే నిలబడే నిద్రపోద్ది. మనకా గడియ పెట్టడం మర్చిపోయాడు దేవుడు!" అని దేవుణ్ణి తిడుతూనే కునికి, సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి ఒళ్ళో పడ్డాడు. లేచి ఆయన్నీ తిట్టాడు.

ఇక నా సంగతి. పది తప్పి, షాపులకు బోర్డులు రాసుకుంటున్నాను. మొన్న మార్చిలో మా ఊరి ప్రైవేటు బడి వార్షికోత్సవానికి అడవి సీను కావాలన్నారు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే యోబు మామ తన తెల్లగుర్రం రాణిని ఇచ్చాడు. బోర్డులకు వాడే నల్ల ఎనామిల్‌తో గంటలో దాన్ని జీబ్రా చేసేశాను. మిట్ట మధ్యాహ్నం, మైదానంలో పిల్లలు ఒకటే చప్పట్లు.

ముందు వరసలోంచి తాత లేచాడు. గుర్రం ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. పొట్టకు చెవి ఆనించాడు. యోబు మామ చెవిలో ఏదో గొణిగి, ఒక్కసారిగా మైకు లాక్కున్నాడు.

"ఏందిది? జీబ్రానా? జీబ్రా జూలు బ్రష్షులాగా నిలబడాల, ఇది సవరంలాగా వేలాడతంది! వెనక కాళ్ళకు చారలు అడ్డంగా ఉండాల, ఈ సన్నాసి నిలువుగా గీశాడు! పిల్లలకు తప్పుడు చదువు చెప్తారా?"

"పది నిమిషాల్లో అయిపోద్దండీ, కూర్చోండి" అని బతిమాలింది హెడ్‌మిస్ట్రెస్ అపర్ణ మేడం.

"పది సెకన్లు కూడా వీల్లేదు! ఇప్పుడే తుడవాల్సిందే!"

నేను రంగు పోగొట్టే థిన్నర్ తెచ్చాను. "తోలు ఊడిద్దిరా ఎదవా! కొబ్బరినూనె పట్టుకురా!" అని అరిచాడు. వేపచెట్టు నీడలో రెండు గంటలు నేను, యోబు మామ, ఇద్దరు టీచర్లు ఆ గుర్రానికి తలంటినట్టు ఒళ్ళంతా నూనె రుద్దాం. ముసలాయనకు జీబ్రా పిచ్చి ముదిరిందని జనమంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడు రోజులు తాతతో మాట్లాడలేదు.

నాలుగో రోజు యోబు మామ కనిపించాడు.

"జీబ్రాకైనా గుర్రానికైనా ఒళ్ళంతా చెమట పడితేనే వేడి దిగుద్దంటరా. నీ రంగు కింద చెమట పట్టక రాణి పెనంలాగా కాలిపోయింది. ఇంకాసేపుంటే పడిపోయేది. ఆ మాట మైకులో చెప్తే నీకు మళ్ళీ ఎవరూ బోర్డు ఇవ్వరని, నన్ను నోరెత్తొద్దన్నాడు మీ తాత."

పరిగెత్తి ఇంటికి పోయాను. తాత అరుగు మీద ఆ చెదల పుస్తకమే చదువుతున్నాడు.

"నా పరువు కోసం ఊరంతా నిన్ను పిచ్చోడన్నా ఊరుకున్నావా తాతా?"

తాత తలైనా ఎత్తలేదు.

"నీ పరువెవడిక్కావాలిరా! ఆ వెనక కాళ్ళ చారలు నిజంగానే తప్పు."