గోదావరిఖనిలో గుసగుసగా చెప్పిన పాఠం

"ల్యాబు వదిలి ఊళ్లు తిరిగితే థీసిస్ ఎవరు రాస్తారమ్మా?" అన్నారు మా గైడు. అంతకుముందు వెళ్లిన ఊళ్లలో నా మైక్రోస్కోపు చూడ్డానికి పట్టుమని పదిమంది పిల్లలు రాలేదు మరి. ఈసారీ రాకపోతే సోమవారం దాన్ని ల్యాబుకు అప్పగించి ఈ పిచ్చి మానేస్తానని మాటిచ్చాను. తోడు రమ్మంటే స్నేహితులంతా నవ్వారు. ఒక్కదాన్నే బయల్దేరాను.

సికింద్రాబాదులో పొద్దున్నే రైలెక్కితే రామగుండంలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. స్టేషన్ బయటే గోదావరిఖని బస్సు దొరుకుతుంది, టికెట్ అర్ధరూపాయి లోపే. అక్కణ్ణుంచి గని కార్మికుల కాలనీకి రిక్షా. నా ఒళ్లో పెట్టె చూసి రిక్షా అతను, "అండ్ల ఏమున్నదక్కా?" అన్నాడు.

"చిన్నవాటిని పెద్దగా చూపించే యంత్రం."

"నా కిరాయి పెట్టి చూస్తె పెద్దగైతదా మరి?" అని పకపకా నవ్వాడు. పొద్దుట్నుంచి నాతో మాట్లాడిన మొదటి మనిషి అతనే.

ఆ రోజు రెండో శనివారం, బడికి సెలవు. క్వార్టర్ల మధ్య వేపచెట్టు కింద అరుగు మీద మైక్రోస్కోపు పెట్టి, దారిలో సీసాలో పట్టిన కుంటనీళ్లు ఒక చుక్క వేసి, ఇత్తడి గంట కొట్టాను. వీధి పొడుగునా తలుపులు మూసే ఉన్నాయి. "పిల్లలూ, రండర్రా!" అని గొంతు చించుకున్నాను. కిటికీలో ఒక తల కనపడి మాయమైంది. ఏడుపు తన్నుకొచ్చింది. ఇంకా గట్టిగా కొట్టాను.

ఎదురింట్లోంచి ఒకావిడ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి గంట పట్టేసుకుంది. పేరు లచ్చక్కట. "నీకు దండం పెడ్త, ఆపు బిడ్డా! నైట్ షిఫ్టు చేసొచ్చినోళ్లు పండుకున్నరు. నిద్ర సాలకపోతె బొగ్గుబాయిల కన్ను మూతపడ్తది. గందుకే పోరగాండ్లను నోర్మూసుకొని ఇంట్ల కూసోమన్నం."

సిగ్గుతో చచ్చిపోయాను. "వెళ్లిపోనా అక్కా?"

"గింత దూరమొచ్చి ఎందుకు పోతవ్? సప్పుడు చెయ్యకుంట చూపియ్యరాదు?"

ఆవిడే గడప గడపకూ వెళ్లి సైగ చేసింది. చెప్పులు చేతుల్లో పట్టుకుని వచ్చారు పిల్లలు, అరుగు చుట్టూ చోటు లేనంతమంది! ఒక్కొక్కరి చెవిలో చెప్పాను: "చెప్పు ఆకారంలో ఉంది చూడు, అదీ ప్రాణే." ఒక పాప చూసి, కేక బయటికి రాకుండా రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇది పండుకోదా అక్కా?" అంది మెల్లగా.

"మనలాగా పడుకోదు."

"అయితె దీని ఇంట్ల మస్తు లొల్లి చెయ్యొచ్చు!"

సాయంత్రం సైరన్ మోగింది. తలుపులు తెరుచుకున్నాయి, పిల్లలు అరుచుకుంటూ నాన్నల దగ్గరికి పరుగెత్తారు. లచ్చక్క ఇచ్చిన చాయ్ ఒక్కదాన్నే కూర్చుని తాగాను.

మైక్రోస్కోపు అప్పగించడం లేదు, గైడుగారు ఎంత తిట్టినా సరే. మీరెవరైనా అటు వెళ్తే, ముందు ఇళ్లలో ఏ షిఫ్టు వాళ్లు నిద్రపోతున్నారో కనుక్కోండి, ఆ తర్వాతే నోరు విప్పండి. ఆ అలవాటు నాకు తిరుగు రైల్లోనే పట్టుకుంది. హాస్టల్ చేరి, చెప్పులు చేతిలో పట్టుకుని, నా గది తలుపు మెల్లగా తీశాను. లోపల పడుకున్నవాళ్లు ఎవరూ లేరు.