రద్దయిన ఎన్నిక

కరోనా వచ్చిన ఏడాది గల్ఫ్‌లో మేముండే అల్ కుసైస్‌లో మా ఎదురింట్లో ఒక నర్సు ఉండేది. కూతుర్ని చూసి వెళ్దామని వచ్చిన ఆమె తండ్రి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయారు. అంతలో ఆస్పత్రివాళ్లు ఆమెను డ్యూటీ పేరుతో హోటల్లో ఉంచేశారు.

"అక్కా, మా నాన్నకి కాస్త అన్నం చూడవా" అని ఫోన్ చేసింది.

రోజూ మధ్యాహ్నం క్యారేజీ గుమ్మం దగ్గర పెట్టి దూరం జరిగేదాన్ని. ఆయన కుర్చీ బయటికి లాక్కుని మాట్లాడేవారు. రిటైరైన మాస్టారు. వాళ్ల ముత్తాత గురించి పుస్తకం రాస్తున్నారు. తెల్లదొరల కాలంలో, పన్ను కట్టేవాళ్లకే ఓటున్న రోజుల్లో, మునిసిపల్ కౌన్సిలుకి పోటీచేసిన ప్లీడరట.

"మూడు ఓట్లతో నెగ్గాడమ్మా. ఓడిపోయిన షావుకారు కలెక్టరుకి అర్జీ పెట్టి ఎన్నిక రద్దు చేయించాడు."

ఆయన చెప్పిన ఊరు మా అమ్మ పుట్టిన ఊరే. వీధి పేరు కూడా చెప్పాక అనుమానం తీరిపోయింది. ఆ షావుకారు మా అమ్మకు ముత్తాత. చచ్చినవాడు లేచొచ్చి ప్లీడరుకి ఓటేసిన కథ మా ఇళ్లలో ప్రతి పెళ్లిలోనూ చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం.

మూడు రోజులు ఆ సంగతి దాచుకున్నాను. నాలుగో రోజు ఉండబట్టలేక చెప్పేశాను.

"మాస్టారూ, ఆ షావుకారు మావాళ్లేనండీ."

"మీ ఇంట్లో ఏమని చెప్పుకునేవారమ్మా?"

నవ్వులు తీసేసి మిగతాది చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు తలుపు తెరవలేదు. కడిగిన క్యారేజీ మాత్రం బయట ఉంది. అనవసరంగా పెద్దాయన మనసు కష్టపెట్టానే అని బాధపడ్డాను.

ఆ తర్వాతి రోజు చేతిలో ఒక జిరాక్సు కాగితంతో కూర్చుని ఉన్నారు.

"చనిపోయిన మనిషి పేరున ఓటు పడ్డమాట నిజమేనమ్మా. కలెక్టరు ఉత్తర్వులో ఉంది. ఏడాదిగా నా దగ్గరే ఉంది. పుస్తకంలో పెట్టడానికి చెయ్యి రాలేదు."

"ఎవరు వేయించారండీ?"

"తెలీదు. మా ముత్తాతకి తెలుసో లేదో అదీ తెలీదు. తర్వాత కోర్టుకి వెళ్లడం మానేశాడు. బజారులో 'శవాల ప్లీడరు' అనేవారట. ఆయన భార్య కూరలకి కూడా గడప దాటేది కాదట."

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి 'శవాల ప్లీడరు' అన్న పేరు సంగతి అడిగాను.

"ఆ పేరు పెట్టింది మనోళ్లేనే. మా తాత చెప్పాడు."

మర్నాడు అదీ చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"రాసుకోనా అమ్మా?"

"రాసుకోండి మాస్టారూ."

విమానాలు మొదలవగానే ఆయన వెళ్లిపోయారు. రెండేళ్లకు పుస్తకం వచ్చింది. కలెక్టరు ఉత్తర్వు ఉంది, ఆ పేరు పెట్టినవాళ్లెవరో కూడా ఉంది. మా అమ్మకు విడిగా ఒక ప్రతి పంపారు. చదివాక అమ్మ ఆయనకు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడిందట.

ఏం మాట్లాడావని అడిగితే, "ఏముందే, పాపం ఆయనకీ మోకాళ్ల నొప్పులంట" అంది.